కడుపులో లీకేజీ

"పెరుగన్నం కలపాల్నా?"

"వద్దే. వాల్వ్ బంద్ పెట్టిన. లైన్ రిపేర్ల ఉన్నది."

నేనూ నా మొగుడూ మాట్లాడుకున్న చివరి మాటలు ఇవే. ముందు ఇవే రాయమని నా కోడలికి చెప్పాను. నాకు సంతకం పెట్టడం, బస్సు నంబరు గుర్తుపట్టడం తప్ప చదువు రాదు. నేను చెబుతుంటే ఆమె రాస్తోంది. నా మాటలను పుస్తకాల తెలుగులోకి తిప్పుకుంటానంటే సరే అన్నాను. ఆయనవీ, అప్పుడు మేం మాట్లాడుకున్నవీ మాత్రం నోట్లోంచి ఎలా వచ్చాయో అలాగే ఉంచమన్నాను. వాటిని దిద్దితే మనిషి మారిపోతాడు.

నా గొంతు గరగరమంటుంది. బేగంబజార్‌లో ఎండుమిర్చి గోదాములో తొడిమలు తీసే పని నాది. ఆ ఘాటు పీల్చి పీల్చి గొంతు ఇలా అయింది. ఎక్కువసేపు మాట్లాడలేను. ఆగినప్పుడల్లా కోడలు నీళ్లిస్తుంది, తాగి మళ్లీ మొదలుపెడతాను. అలసటగానే ఉంది. అయినా ఇవాళ చెప్పేయాలి. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

ఆయన నీళ్ల డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్. ఫలక్‌నుమా వైపు గల్లీలకు నల్లా నీళ్లు వదిలేదీ, బంద్ పెట్టేదీ ఆయనే. భుజాన పొడుగాటి ఇనుపరాడ్డు వేసుకుని వెళ్లేవాడు. రోడ్డు మధ్యలో ఉండే గుంత మూత తీసి, రాడ్డు లోపలికి దించి, వంగి వాల్వ్ తిప్పేవాడు. ఆ తిప్పుడుకే మోకాళ్లు పోయాయి. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో ఏ గోలీ ఇస్తే అది మింగేవాడు. డ్యూటీలో ఉన్నంతకాలం ఛాయ్, ఉస్మానియా బిస్కెట్లే ఆయన పొద్దుటి తిండి. అన్నం ఎప్పుడు తింటాడో ఆయనకే తెలియదు. నీళ్లు రాని గల్లీ వాళ్ల లొల్లి తీర్చి ఇంటికి వచ్చేసరికి కూర చల్లబడి, దాని మీద నూనె గడ్డకట్టి ఉండేది.

రిటైరైనా ఆ పని ఒంట్లోంచి పోలేదు. నీళ్లు వదిలే పొద్దున లుంగీ మీదే గుంత దగ్గరికి వెళ్లి నిలబడేవాడు. కొత్తగా వచ్చిన లైన్‌మన్‌కు సలహాలు చెప్పేవాడు. "జర మెల్లగ తిప్పు భాయ్, ఒక్కసారి ఇడిస్తే జాయింట్లు పలుగుతయ్" అని. ఆ పిల్లాడు నవ్వి, "కాకా, నువ్ ఇంటికి పోయి పండుకోరాదా" అనేవాడు. అయినా మానలేదు.

షుగర్ ఎప్పుడో వచ్చింది. గోలీలు వాడుతూనే ఉన్నాడు. అయినా అది ఒక లెక్కలో ఉండేది కాదు. పొట్ట మాత్రం ముందుకు వచ్చింది. చేతులు, కాళ్లు సన్నగానే ఉండేవి. తిన్నది ఒంటికి పట్టేది కాదు, ఎప్పుడూ కడుపు ఉబ్బరం. స్కానింగ్ తీస్తే లివర్‌కు కొవ్వు పట్టిందన్నారు. చుక్క తాగని మనిషి. "తాగినోళ్లకు గదా లివర్ ఖరాబయ్యేది, నాకెందుకయ్యింది?" అని అదొక్కటే ఆయన బాధ. ఎవరైనా తాగుబోతు అనుకుంటారని ఆ స్కానింగ్ సంగతి గల్లీలో ఎవరికీ చెప్పనివ్వలేదు.

అప్పుడు రైల్వే స్టేషన్ అవతల కొత్తగా వచ్చిన డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. చిన్న పిల్ల. ఓపికగా మాట్లాడింది. మాలాంటి వాళ్లకు అర్థం కావాలని రెండు చేతుల వేళ్లు ఒకదాంట్లో ఒకటి బిగించి చూపించింది.

"పేగుల లోపల ఇట్లాంటి పొర ఒకటి ఉంటది అంకుల్. మీరు తిన్నదాంట్లో పనికొచ్చేది రక్తంలోకి పోనిస్తది, పనికిరానిది అక్కడే ఆపుతది. పేగుల్లో మస్తు సూక్ష్మజీవులుంటయి. వాటితో మనకు లాభమే, కానీ అవి గోడకు అవతలనే ఉండాలి." తర్వాత వేళ్లు వదులు చేసింది. "ఇదిగో, పొర ఇట్లా వదులైతే వాటి మురికి సన్నగా రక్తంలోకి వచ్చేస్తది. జ్వరం రాదు, నొప్పి ఉండదు. కానీ ఒళ్లు లోపల్లోపల సన్న మంట మీద ఉన్నట్టు ఉంటది. అట్లున్నప్పుడు ఇన్సులిన్ సరిగా పని చేయదు. షుగర్ పెరుగుతది. పేగుల నుంచి వచ్చే రక్తం ముందు పోయేది లివర్‌కే, అందుకే దానికీ దెబ్బ."

ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. అప్పటిదాకా ఏ డాక్టరు మాటకూ ఆయన ముఖంలో అలాంటి వెలుగు నేను చూడలేదు.

"అంటే లీకేజీ అన్నట్టు."

డాక్టరమ్మ నవ్వింది. "అవును అంకుల్, లీకేజీ లాంటిదే."

"యాడ ఉన్నది? పైననా, కిందనా?"

"ఒక్క చోట అని కాదు. సన్నగా అంతటా."

"అంతటా అంటే లైన్ మొత్తం మార్చాల్నా మేడమ్?"

"మార్చేది ఏం లేదు" అని ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. "ఆ పొర తనంతట తానే ఎప్పటికప్పుడు కొత్తగా పుడుతుంటది. దానికి మంచి తిండి పడాలి. పప్పులు, ఆకుకూరలు, జొన్నరొట్టె, పెరుగు. మైదా, తీపి తగ్గించండి. మోకాళ్ల గోలీలు నన్ను అడక్కుండా మింగొద్దు, అవి కూడా పొరను పాడు చేస్తయి. ఇంకోటి, లీకేజీ వల్ల షుగర్ వచ్చిందో, షుగర్ వల్లే లీకేజీ అయ్యిందో నేను పక్కాగా చెప్పలేను. దీని మీద ఇంకా తెలుసుకుంటున్నరు. ఒకటి ఇంకోదాన్ని చెడగొడతదని మాత్రం తెలుసు. షుగర్ గోలీలు మాత్రం ఒక్క పూట కూడా మానొద్దు."

గోలీలు మానొద్దని చెప్పింది. అన్నం మానొద్దని చెప్పలేదు. ఎందుకు చెబుతుంది? ఏం తినాలో అంతసేపు చెప్పాక, అసలు తినడమే మానేస్తాడని ఎవరనుకుంటారు?

ఆటో ఎక్కగానే ఆయన అంచుకు జరిగాడు. కిటికీలేని ఆ పక్కనుంచి రోడ్డు మీది గుంతల మూతలు చూస్తూ కూర్చున్నాడు. నేను మాదన్నపేట మార్కెట్ దగ్గర ఆటో ఆపించి పాలకూర, తోటకూర, మెంతికూర కొన్నాను. ఇంటికి వచ్చి జొన్నపిండి కలుపుతుంటే వంటింటి గడప మీద నిలబడి అన్నాడు.

"అవన్ని తర్వాత. ముందుగాల సప్లై బంద్ పెట్టాలె."

"ఏం సప్లై?"

"తిండి. లీకేజీ ఉన్న లైన్ల నీళ్లు పారుతుంటే ప్యాచ్ ఎట్ల పడతదే? ముప్పై ఏండ్లు చేసిన. ముందుగాల వాల్వ్ బంద్, లైన్ ఎండాలె, గప్పుడు రిపేర్. గా పిల్ల చెప్పింది గదా, పొర దానికదే పుడతదని. పుట్టనియ్యి. మీదకెళ్లి అన్నం, కూర తోసుకుంట పోతుంటే అది ఎప్పుడు పుట్టాలె?"

"డాక్టరమ్మ తినమన్నది గదా!"

"రిపేర్ అయినంక తినమన్నది."

ఆమె అలా అనలేదు. కానీ ఆయనకు అలాగే వినిపించింది. మనిషి ఒక పని జన్మంతా చేస్తే, లోకంలో ఏ మాట విన్నా ఆ పనిలాగే వినిపిస్తుందేమో. నాకూ అంతే. ఎవరైనా జలుబు చేసిందంటే ఏ గోదాములో పని చేస్తున్నారని అడగబుద్ధేస్తుంది.

ఆ రోజు నుంచి పంచదార లేని డికాషన్, నీళ్లు. ఎప్పుడైనా నేను మరీ ఏడిస్తే నాలుగు మెతుకులు. గోలీలు మాత్రం పొద్దున, సాయంత్రం తప్పకుండా. నేను వాటిని దాచిపెడితే అరిచాడు. "మేడమ్ ఏం చెప్పింది? ఒక్క పూట గూడ మానొద్దన్నది!" ఆ మాట నిజమే కాబట్టి తిరిగి ఇచ్చేశాను.

పక్కింట్లో ఆపా ఉంది. ఆపా అంటే అక్క. నాకంటే పెద్దది, ఆమెకూ షుగరే. వేలికి సూది గుచ్చి షుగర్ చూసుకునే మిషన్ ఆమె ఇంట్లో ఉంటుంది. ఆయన రోజూ వెళ్లి చూపించుకునేవాడు. అంకె తగ్గుతుంటే గల్లీ చివర ఛాయ్ హోటల్లో కూర్చుని చెప్పుకునేవాడు. ఇంటికి వచ్చి నన్ను దెప్పేవాడు. "చూసినవా? ప్రెషర్ డౌన్ అయ్యింది. నువ్వేమో ఉత్తగ ఫికర్ చేస్తవ్."

ఒకరోజు ఆపా మిషన్ చూసి దాన్ని చేతిలోనే ఉంచుకుంది, ఆయనకు ఇవ్వలేదు.

"గోలీ ఖాకే ఖాలీ పేట్ నక్కో రహో భాయ్" అంది. గోలీ వేసుకుని కడుపు ఖాళీగా పెట్టుకోవద్దని. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో చెప్పింది. "రంజాన్ వస్తుందంటే నేను ముందే డాక్టర్ కాడికి పోత. రోజా ఉంటున్న, గోలీ ఎట్ల ఏసుకోవాల్నో చెప్పమంట. ఆయన టైమ్ మారుస్తడు, సగం చేస్తడు. ఉండొద్దంటే ఉండ. అల్లానే మాఫీ ఇచ్చిండు బీమారోళ్లకు. మీ ఆయనకు ఎవరు చెప్పిన్రు గిట్ల ఉండమని?"

ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు. "నేను రోజా ఉంటలేను ఆపా. రిపేర్ చేస్తున్న."

"ఏంది రిపేరు? నువ్వేమన్న నల్లానా?" అంది ఆపా. ఆమెకు నవ్వొచ్చింది. నాకూ నవ్వొచ్చింది. ఆయన కూడా నవ్వాడు. నవ్వుతూనే గోడ పట్టుకున్నాడు. కాళ్లు వణుకుతున్నాయి. నుదుటి నిండా చెమట.

"ఏమైందయ్యా?"

"ఏం గాలె. లైన్ల గాలి పోతున్నది."

నల్లా చాలాసేపు బంద్ ఉండి మళ్లీ నీళ్లు వదిలితే ముందు బుస్సుబుస్సుమని గాలి వస్తుంది కదా, నల్లా వణుకుతుంది కదా, అదన్నమాట. వణుకు వచ్చినా రిపేరు బాగా జరుగుతోందనుకున్నాడు. చెమట పట్టినా అదే అనుకున్నాడు. ఆయన లెక్కలో ప్రతి చెడ్డ గుర్తుకూ ఒక మంచి పేరు ఉంది.

ఒక్కసారి మాత్రం గెలిచాను. ఎలాగో చెబుతాను.

మా అబ్బాయి చిన్నప్పుడు మా గల్లీలో నల్లా నీళ్లు వాసన వచ్చాయి. ఇంటింటా వాంతులు, విరేచనాలు. ఆయన రోజంతా తవ్వించి, బురదతో ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ నాకు చెప్పాడు. మంచినీళ్ల పైపు, మురుగు పోయే మోరీ పైపు పక్కపక్కనే ఉంటాయి. మంచినీళ్లు జోరుగా పారుతున్నంతసేపు మురికి లోపలికి రాదు. నీళ్లు బంద్ పెట్టినప్పుడు పైపు ఖాళీ అయి, సూదిబెజ్జమంత చిల్లు ఉన్నా పక్కనున్న మురికిని గుంజుకుంటుంది. ఆ మాట నాకు బాగా గుర్తు. ఆపా ఇంట్లో ఆయన కాళ్లు వణికిన మర్నాడు అదే ఎత్తాను.

"ఏమయ్యా, లైన్ ఖాళీగుంటేనే గదా మోరీ నీళ్లు గుంజుకునేది? నువ్వే అన్నవ్. మరి నీ కడుపు ఖాళీ పెడితే గుంజుకోదా?"

ఆయన ఆలోచించాడు. నిజంగా ఆలోచించాడు. మోకాళ్లు రుద్దుకుంటూ చాలాసేపు కిటికీలోంచి చూశాడు.

"గది రెండు లైన్లు పక్కపక్కన ఉన్నప్పటి ముచ్చట."

"నీ కడుపుల లేవా పక్కపక్కన? గా పిల్ల వేళ్లు పెట్టి చూపియ్యలేదా, ఒకదిక్కు మురికి, ఒకదిక్కు రక్తమని?"

"నువ్ డిపార్ట్‌మెంట్ల ఉంటే నాకు ఆఫీసర్ అయ్యేదానివే" అన్నాడు. నవ్వి, "తే, ఏం వండినవో తే" అన్నాడు.

జొన్నరొట్టె, పాలకూర పప్పు పెట్టాను. తిన్నాడు. మెల్లగా, వేళ్లు నాకుతూ తిన్నాడు. పప్పులో ఉప్పు తక్కువైందని వంక కూడా పెట్టాడు. ఆ వంక ఎంత హాయిగా అనిపించిందో. ఇక దారిన పడ్డాడనుకున్నాను. మర్నాడు ఆపా మిషన్ మీద షుగర్ మళ్లీ పైకి ఎక్కింది. తింటే ఎక్కుతుంది కదా, అది మామూలే. ఆయనకు మాత్రం చాలు. "చూసినవా, రిపేర్ మధ్యల సప్లై ఇడిసినం, ప్యాచ్ ఊడింది" అని మళ్లీ మొదలు.

చివరి రోజు నీళ్లు వచ్చే రోజు. పొద్దున్నే లేచి గుంత దగ్గరికి వెళ్లి వచ్చాడు. నీరసంగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను డ్రమ్ము నింపుకుంటూ, పనికి వెళ్లే ముందు ఏమన్నా పెట్టి పోదామని ఆ పెరుగన్నం మాట అడిగాను. ఆయన ఆ వాల్వ్ మాట చెప్పాడు. నేను విసుక్కోలేదు కూడా. బిందె నిండుతోందని నల్లా దగ్గరికి వెళ్లాను. బిందె దించి వచ్చి చూస్తే మనిషి పక్కకు ఒరిగి ఉన్నాడు. బనీను తడిసి ముద్దయింది. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడడం లేదు. కేక వేస్తే ఆపా పరుగెత్తుకొచ్చింది. పంచదార చేతిలో పోసుకుని ఆయన పెదాలకు, చిగుళ్లకు రాసింది. దవడ బిగిసిపోయింది. ఆటోలో దవాఖానాకు తీసుకెళ్లాం. రక్తంలోకి గ్లూకోజు ఎక్కించారు. షుగర్ పెరిగింది, ఆయన లేవలేదు. చాలాసేపు బాగా తగ్గిపోయి ఉంది, మెదడు దెబ్బతిన్నది అన్నారు. కొన్ని రోజులు ఊపిరి తీసుకుంటూ పడుకున్నాడు. తర్వాత అదీ ఆగింది.

షుగర్ పెరిగి పోతారని అందరూ భయపెడతారు. మా ఆయన తగ్గి పోయాడు.

దినాలు అయ్యాక ఒకసారి ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. తిట్టడానికి కాదు. నాకు తెలుసుకోవాలనిపించింది. అంతా చెప్పాను. వాల్వ్ సంగతి, మోరీ సంగతి, గాలి సంగతి. ఆమె తల పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"లీకేజీ అని ఒక మాట చెప్పిన ఆంటీ, అంతే" అంది.

"నేను అన్నది నిజమేనా మేడమ్? ఖాళీ కడుపు మురికి గుంజుకుంటదా?"

"లేదాంటీ. పేగు పైపులాగా గుంజుకోదు. ఆయన అనుకున్నదీ కాదు, మీరనుకున్నదీ కాదు. పేగు బతికి ఉన్న తోలు లాంటిది. లోపలి సూక్ష్మజీవులకు పప్పు, కూర, రొట్టెలో ఉండే పీచు తిండి. అవి దాన్ని తిని, ఈ పొరకు బలం ఇస్తయి. ఉపవాసం అందరికీ చెడ్డదని కూడా అనను. కొంతమంది డాక్టర్‌ను అడిగి ఉంటరు, వాళ్లకు మేలు అయితది. కానీ షుగర్‌ను కిందికి గుంజే గోలీ కడుపులో వేసుకుని, తిండి బంద్ పెడితే ఇంక గుంజడానికి ఏం మిగులుతది?"

నేను గెలిచిన ఆ ఒక్క పూట కూడా తప్పు మాటతోనే గెలిచానన్నమాట. పోనీలే. తిన్నాడు కదా.

ఇదంతా అయిపోయిన ముచ్చట. కదిలించకూడదనే అనుకున్నాను. ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మా అబ్బాయికి మొన్న కంపెనీలో పరీక్షలు చేశారు. రాత్రి డ్యూటీ వాడికి. చలిగా ఉండే గదిలో కంప్యూటర్ల ముందు కూర్చుని, ఆకలేసినప్పుడల్లా చిప్స్, కూల్‌డ్రింక్. వాళ్ల నాన్న బిస్కెట్ల లాగే. షుగర్ వచ్చిందన్నారు. లివర్‌కు కొవ్వన్నారు. 

వాడు చదువుకున్నవాడు. లీకేజీ అనడు. ఫోన్లో చూసి ఇంగ్లీషులో ఏదో అంటాడు. కడుపు కడిగేసే పొడి ఒకటి తెప్పించుకున్నాడు. అది తాగి తిండి మానేస్తే పేగులు కొత్తవవుతాయట. మొదట్లో నేను గొణిగితే, "అమ్మా, బాపు ముచ్చట వేరే. బాపు గోలీ ఏసుకుని ఉన్నడు. నేను ఏస్తలేను గదా, ఎందుకు లొల్లి చేస్తవ్?" అన్నాడు. నిజమే అనుకుని ఊరుకున్నాను.

ఈ వారం వాడికి గోలీలు రాసిచ్చారు. నిన్నటి నుంచి వేసుకుంటున్నాడు. పొడి మాత్రం మానలేదు. ఉపవాసం సంగతి ఆ డాక్టరుకు చెప్పావా అంటే, చెప్పాల్సిన పని లేదన్నాడు. నిన్న పొద్దున ఏమీ తినలేదు. ఇవాళా తినలేదు. ఇందాక కోడలు కంచం తీసుకెళ్తే, "అక్కడ పెట్టు, తర్వాత తింట" అన్నాడట. నేను లోపలికి వెళ్తే ఫోను పక్కకు తిప్పి, "అమ్మా, నీకు తెల్వదు" అన్నాడు. వాడి నుదుటి మీద చెమట చూశాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

చేతులు వణుకుతున్నాయా అని అడిగాను. "ఒంట్ల ఉన్న చెడంత బయటికి పోతున్నదమ్మా, గట్లనే ఉంటది" అన్నాడు.

లైన్ల గాలి పోతున్నది.

అదే మాట. వేరే అక్షరాలతో అదే మాట. బయటికి వచ్చి, కోడలిని కాగితం తెమ్మన్నాను. ఆమె తెచ్చి కూర్చుంది. వాడితో వాదించే గొంతు నాకు లేదు. నేను ఒక ముక్క చెబితే వాడు పది చెబుతాడు. మధ్యలో నాకు దగ్గు వస్తుంది, మాట వాడిదే అవుతుంది. రాసింది చదివితే మధ్యలో అడ్డం రావడానికి ఉండదు కదా.

అయిపోయింది కోడలా. ఇంకేమీ లేదు నా దగ్గర. కంచం అక్కడే ఉందా? జొన్నరొట్టె మీద మూత పెట్టు, గట్టిపడుతుంది. వాడి గది తలుపు కొంచెం తెరువు. మేల్కొనే ఉన్నాడు, ఫోను చప్పుడు వినిపిస్తోంది.

ఇప్పుడు చదువు. నేను చెప్పినట్టే రాశావో లేదో నాకూ వినాలని ఉంది. పెరుగన్నం కలపాల్నా అని నేను అడిగిన కాడినుంచి చదువు. జర గట్టిగ చదువు బిడ్డా.